మూకుట్లో మిగిలిన నూనె



పండగ వెళ్లిన మర్నాడు చాలా ఇళ్లలో ఒక మూకుడు మిగిలి ఉంటుంది. అరిసెలు డబ్బాకెక్కుతాయి, జంతికలు పిల్లల జేబుల్లోకి పోతాయి, సకినాలు చుట్టాల ఇళ్లకు చేరతాయి. వాటిని వేయించిన నూనె మాత్రం అడుగున నల్లటి మడ్డితో స్టవ్ పక్కనే ఉండిపోతుంది. పారబోయడానికి మనసొప్పదు. మళ్లీ వండాలంటే భయం. ఎటూ తోచక నిలబడ్డప్పుడు ఒక ఆలోచన వస్తుంది: మండే వస్తువే కదా, దీన్ని పొయ్యిలో పోసి వండుకోలేమా? గ్యాస్ బండ ధర పెరిగిన ప్రతిసారీ ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఇవాళ దాని గురించే మాట్లాడుకుందాం.

ముందు జవాబు చెప్పేస్తాను. వాడిన వంటనూనె మంచి ఇంధనమే. కానీ మన ఇళ్లలో ఉన్న ఏ స్టవ్‌లోనూ దాన్ని నేరుగా పోయకూడదు. ఎందుకు పోయకూడదో తెలిస్తే, ఎక్కడ పనికొస్తుందో కూడా తెలుస్తుంది.

కిలో గ్యాస్‌లో సుమారు 46 మెగాజౌళ్ల వేడి దాగి ఉంటుంది. కిరసనాయిల్లో 43. వంటనూనెలో 37. ఎండిన కట్టెలో 15, 16కు మించదు. అంటే మనం సింకులో పారబోసే నూనె, బరువుకు బరువు చూస్తే, కట్టెకు రెట్టింపు కంటే ఎక్కువ వేడి ఇచ్చే సరుకు. వేయించడం వల్ల నూనె రంగు మారుతుంది, వాసన మారుతుంది, తినడానికి పనికిరాకుండా పోతుంది గానీ, ఈ వేడి మాత్రం దాదాపు అంతా అందులోనే ఉంటుంది. 1900లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజన్‌ను వేరుశనగ నూనెతో నడిపించారు. అది ఎంత సాఫీగా నడిచిందంటే, లోపల ఉన్నది వేరుశనగ నూనె అని చూడవచ్చిన వాళ్లలో చాలామందికి తెలియనే లేదట. ఆ సంగతి తర్వాత ఆ ఇంజన్ కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిలే చెప్పుకున్నాడు.

మరి చిక్కెక్కడ ఉంది? ద్రవం ద్రవంగా మండదు. ముందు ఆవిరి కావాలి, ఆ ఆవిరి గాలితో కలవాలి, అప్పుడు మంట పుడుతుంది. కిరసనాయిలు 40 డిగ్రీల దగ్గరే, అంటే మన రోహిణి కార్తె మధ్యాహ్నపు వేడికే, అంటుకునేటంత ఆవిరిని ఇవ్వడం మొదలుపెడుతుంది. మంచి వంటనూనె 300 డిగ్రీలు దాటితే గాని అంత ఆవిరి ఇవ్వదు. పైగా చిక్కదనం ఒకటి. మామూలు వేడిమి దగ్గర వంటనూనె కిరసనాయిలు కంటే ఇరవై రెట్లకు పైగా చిక్కగా ఉంటుంది. కిరసనాయిలు కోసం తయారైన స్టవ్‌లో దాన్ని పోసినప్పుడు వచ్చే ఇబ్బందులన్నిటికీ మూలం ఈ రెండే: ఆవిరి కావడానికి మొరాయించడం, కదలడానికి మొరాయించడం.

అలాగైతే ప్రమిదలో దీపం ఎలా వెలుగుతోంది అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. ప్రమిదను ఒకసారి దగ్గరగా చూడండి. వత్తి నూనెలో పడుకుని ఉంటుంది, దాని కొస మాత్రం అంచు మీద వెలుగుతుంది. నూనె మట్టానికీ మంటకూ మధ్య దూరం అంగుళం కూడా ఉండదు. అంత కొంచెం దూరం గనక చిక్కటి నూనె కూడా వత్తి వెంట పాకి పైకి రాగలదు. మంట వేడికి పక్కనున్న నూనె కూడా కాస్త పలచబడుతుంది. నూనె తగ్గిన కొద్దీ మన అమ్మలు, అమ్మమ్మలు మళ్లీ పోస్తూ ఉండటం, వత్తి ఎగదోస్తూ ఉండటం, దాని కొసన కట్టిన మసి దులపటం ఇందుకే. ఆముదంతో, నువ్వుల నూనెతో, ఇప్పనూనెతో వందల ఏళ్లు దీపాలు పెట్టుకున్న మనుషులు ఈ కొలతను చేతితోనే కనిపెట్టారు.

వత్తుల స్టవ్‌లో ఆ కొలత తలకిందులైపోతుంది. అక్కడ ట్యాంకు అడుగున ఉంటుంది, మంట దాదాపు జానెడు ఎత్తున ఉంటుంది. కిరసనాయిలు ఆ జానెడు సులువుగా ఎక్కుతుంది. వంటనూనె ఎక్కలేదు. వెలిగించగానే వత్తిలో ముందే తడిసి ఉన్నది కాలుతుంది, కాసేపు మంట కనిపిస్తుంది, తర్వాత పైకి వచ్చే నూనె చాలక వత్తే మాడటం మొదలుపెడుతుంది. మంట ఎర్రబడి పొగ లేస్తుంది. నూనెలోని గ్లిజరిన్ భాగం సగం కాలి ఎక్రోలీన్ అనే వాయువు పుడుతుంది. నూనె మాడిపోయినప్పుడు కళ్లు మండేది, గొంతులో గరగరలాడేది దానివల్లే. మూసిన వంటింట్లో దాన్ని పీల్చకూడదు. ఇక ఆ వత్తులు బంక పట్టి, గట్టిపడి, ఆ తర్వాత కిరసనాయిలుకు కూడా పనికిరావు.

సరే, దీపానికి సరిపోయే మంట వంటకు సరిపోతుందా అంటే అదీ లేదు. ఒక ప్రమిద గంటకు నాలుగైదు గ్రాముల నూనె కాలుస్తుందనుకోండి. దాన్నుంచి వచ్చే వేడి 40, 50 వాట్లు. మన గ్యాస్ స్టవ్ మీద మామూలు బర్నర్ ఇచ్చేది దాదాపు రెండు వేల వాట్లు. అంటే నలభై దీపాలు ఒక్క గిన్నె కింద చేరాలి.

పంపు స్టవ్ సంగతి ఇంకా జాగ్రత్తగా చెప్పుకోవాలి. ఇత్తడి ట్యాంకు, గాలి కొట్టే పంపు, స్పిరిట్ పోసి వేడెక్కించే గిన్నె, మధ్యలో పిన్నుతో పొడిచే సన్నటి రంధ్రం. ఆ హోరు విననివాళ్లు మా తరంలో ఉండరు. 1892లో స్వీడన్‌లో లిండ్‌క్విస్ట్ అనే ఆయన తయారుచేసిన ప్రైమస్ స్టవ్‌కు అది వారసురాలు. దాని కిటుకు ఏమిటంటే, నూనె రంధ్రం దాకా వచ్చేలోపు వేడి గొట్టంలో పడి ఆవిరైపోతుంది. అందుకే వాడిన వంటనూనెకు ఇదే సరైన స్టవ్ అని కొందరికి తోస్తుంది. సిద్ధాంతం ప్రకారం తప్పు కాదు. కానీ కిరసనాయిలు ఆవిరయ్యే వేడికి అమర్చిన గొట్టంలో వంటనూనె సగమే ఆవిరవుతుంది. మిగతా సగం గొట్టం గోడలకు బొగ్గులా అంటుకుంటుంది. రంధ్రం మూసుకుపోతుంది. మంట తగ్గిందని మనిషి ఇంకాస్త గాలి కొడతాడు. లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఆ స్థితిలో పిన్ను పెట్టి పొడిస్తే వేడి నూనె పిచికారీలా మొహం మీదికి వస్తుంది. పైగా వాడిన నూనెలో పుట్టే ఆమ్లాలు ఇత్తడిని తింటాయి. ట్యాంకు లోపల ఆకుపచ్చటి చిలుము కడుతుంది, దాంతో నూనె మరింత తొందరగా చెడి బంక అవుతుంది.

చిక్కదనం తగ్గుతుందని పెట్రోలు కలిపి పోసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. పెట్రోలు ఆవిరి చలికాలంలో కూడా నిప్పు అందుకుంటుంది. గాలి కొట్టి మూసిన ట్యాంకులో పెట్రోలు ఉన్న స్టవ్‌ను వంటింట్లో వెలిగించడం అంటే ఇల్లంతటినీ పణంగా పెట్టడమే. స్టవ్ పేలి కాలిపోయిన ఆడవాళ్ల వార్తలు చదువుతూ పెరిగిన తరం మాది. ఆ రోజులు ఇంకో రూపంలో తిరిగి రావడం నేను చూడలేను.

అయితే వంటనూనెతో ఇంటి స్టవ్ అసాధ్యమా? కాదని నిరూపించినవాళ్లున్నారు. జర్మనీలోని హోహెన్‌హైమ్ విశ్వవిద్యాలయంలో మొదలైన పరిశోధనను బాష్ అండ్ సీమెన్స్ గృహోపకరణాల సంస్థ అందుకుని ప్రోటోస్ అనే స్టవ్ తయారుచేసింది. 2004లో దాన్ని ఫిలిప్పీన్స్‌లోని లేతె ద్వీపంలో ఇళ్లకు ఇచ్చి పరీక్షించారు. అక్కడ కొబ్బరి నూనె చేతికందేది. చూడటానికి అది మన పంపు స్టవ్‌కు అక్కలాగే ఉంటుంది. తేడా ఉన్నది ఆవిరి చేసే గొట్టంలో. నూనె ఆ గొట్టంలో ఎక్కువ దూరం, ఎక్కువ వేడిలో ప్రయాణించేలా దాన్ని మంట చుట్టూ తిప్పారు. ముందు కొంచెం స్పిరిట్ వెలిగించి గొట్టాన్ని బాగా కాగనివ్వాలి. పొగ, మసి బాగా తక్కువ. నూనె ఒలికినా వెంటనే అంటుకోదు, ట్యాంకు పేలే భయం కిరసనాయిలు కంటే తక్కువ. ఇంత చేసినా గొట్టంలో మడ్డి పేరుకోవడం ఆగలేదు, దాన్ని తరచూ శుభ్రం చేయక తప్పలేదు. కొబ్బరి నూనె స్వభావం వల్ల అక్కడ కొంత నయం. అది గాలికి, వేడికి తొందరగా బంక కట్టే రకం కాదు. మన ఇళ్లలో ఎక్కువగా వాడే పొద్దుతిరుగుడు నూనె కట్టే రకం.

మరి వాడిన నూనె? మూకుట్లో నూనె కాగుతున్నప్పుడు మూడు పనులు ఒకేసారి జరుగుతాయి. పిండిలోని నీరు నూనెను విడగొట్టి ఆమ్లాలను పుట్టిస్తుంది. గాలిలోని ప్రాణవాయువు దాన్ని పాడుచేస్తుంది. వేడికి నూనె అణువులు ఒకదానికొకటి అతుక్కుని పెద్దవవుతాయి. మూకుడు అంచున గోరుతో గీకినా రాని పసుపుపచ్చ బంక ఈ అతుక్కోవడమే. సన్నటి గొట్టాల స్టవ్‌కు ఈ నూనె ఇచ్చామంటే, కొత్త నూనె చేసే చెడుపును ఇది ఇంకా తొందరగా చేస్తుంది. ఉప్పు, కారం, మాడిన పిండి నలుసులు సరేసరి.

ఇప్పుడు ఇంటి లెక్క ఒకటి చూద్దాం. పండగలు, చుట్టాలు అన్నీ కలుపుకుని నెలకు ఒక ఇంట్లో అర లీటరు నూనె మిగులుతుందనుకుందాం. అందులోని వేడి సుమారు 17 మెగాజౌళ్లు. గ్యాస్‌లో చెప్పాలంటే 370 గ్రాములు. 14.2 కిలోల బండ మీ ఇంట్లో నలభై రోజులు వస్తుందనుకుంటే రోజుకు 355 గ్రాములు ఖర్చవుతుంది. అంటే నెల రోజులు కూడబెట్టిన నూనె ఒక్క రోజు వంట. దానికోసం ప్రత్యేకంగా స్టవ్ కొనడం, నూనె వడకట్టడం, రోజూ గొట్టాలు గీకడం ఏ ఇల్లాలికీ గిట్టుబాటు కాదు. ఈ లెక్క వేయకుండా వాడిన నూనెతో నెలంతా ఉచితంగా వండుకోండి అని చెప్పేవాళ్ల మాట నమ్మకండి.

ఇంట్లో ఆ అర లీటరుతో చేయగలిగిన పని ఉంది. పల్లెల్లో స్నానాల నీళ్ల కోసం, పశువుల దాణా కోసం పెరట్లో కట్టెల పొయ్యి ఇంకా వెలుగుతూనే ఉంది. వానాకాలం తడి కట్టెలు అంటుకోక, కిరసనాయిలు దొరక్క పడే అవస్థ నాకు తెలుసు. రంపపు పొట్టును గానీ, పిడక ముక్కలను గానీ, కొబ్బరి పీచును గానీ వడకట్టిన పాత నూనెలో తడిపి ఒక డబ్బాలో పెట్టుకోండి. ఒక్క గుప్పెడు చాలు, పొయ్యి అందుకుంటుంది. కిరసనాయిలులా భగ్గుమనదు, నింపాదిగా పదేసి నిమిషాలు కాలి కట్టెను వేడెక్కిస్తుంది. అయితే ఇది ఆరుబయట, గాలి ఆడే చోట చేసే పని. మండుతున్న పొయ్యి మీద నూనె గుమ్మరించడం మాత్రం ఎప్పుడూ వద్దు. ఆ నూనెలో తడి ఉంటే మంట ఎగిరి పడుతుంది.

అసలు విషయం ఇంటి దగ్గర కాదు, వీధిలో ఉంది. నేను ఈ ప్రసంగానికి ఒప్పుకున్నదీ దానికోసమే.

మిఠాయి దుకాణాలు, చిప్స్ బట్టీలు, హోటళ్లు, ఫంక్షన్ హాళ్లు. వీటి దగ్గర మిగిలే నూనె అర లీటరు కాదు, డబ్బాలకు డబ్బాలు. ఆ నూనె ఏమవుతోంది? కొంత మురుగు కాల్వలోకి పోతోంది. 2017లో లండన్‌లోని వైట్‌చాపెల్ వీధి కింద మురుగు గొట్టంలో నూనె, కొవ్వు గడ్డకట్టి 250 మీటర్ల పొడవున, 130 టన్నుల బరువున అడ్డం పడింది. కాల్వలో పోసిన నూనె ఎక్కడికీ పోదని దాన్ని తవ్విన కూలీలు లోకానికంతటికీ చూపించారు. కానీ మన దగ్గర కాల్వలోకి పోయే నూనె కంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి ఉంది. పెద్ద హోటల్లో వాడేసిన నూనె తక్కువ ధరకు చిన్న బండి దగ్గరికి చేరుతోంది. నాలుగు రోజులు కాగిన నూనె ఇంకో నాలుగు రోజులు కాగుతుంది. దాంట్లో వేయించిన పునుగులు, మిరపకాయ బజ్జీలు తినేది ఎవరు? మేస్త్రీ పని చేసి వచ్చిన కూలీ, ఆటో డ్రైవరు, బడి వదలగానే పది రూపాయలు పట్టుకుని పరిగెత్తుకొచ్చే పిల్లవాడు. పెద్ద హోటల్లో తినేవాడికి మొదటి నూనె, బండి దగ్గర తినేవాడికి చివరి నూనె. ఇది నాకు సహించరాని అన్యాయంగా కనిపిస్తుంది.

బండి నడిపే మనిషిని నిందించి ప్రయోజనం లేదు. ఆయన లాభమంతా నూనె ధరలోనే ఉంటుంది. చేయాల్సిందల్లా ఆ నూనెకు ఇంకో గిరాకీ పుట్టించడం. తినడానికి కొనేవాడి కంటే మండించడానికి కొనేవాడు రెండు రూపాయలు ఎక్కువ ఇస్తే, ఆ డబ్బా దానంతటదే దారి మారుస్తుంది. వాడిన నూనెను ఇంధనంగా చూడమని నేను ఇంతగా చెప్పడానికి కారణం గ్యాస్ ఖర్చు తగ్గుతుందని కాదు, ఆ నూనె మళ్లీ ఒకరి పొట్టలోకి పోకుండా ఉంటుందని.

ప్రభుత్వం ఈ సంగతి గుర్తించకపోలేదు. పోలార్ కాంపౌండ్స్ అనే చెడు పదార్థాలు 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదన్న నిబంధన 2018 జులై 1 నుంచి అమల్లో ఉంది. అదే ఏడాది ఆగస్టు 10న, ప్రపంచ జీవ ఇంధన దినం నాడు, దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రూకో అనే కార్యక్రమం మొదలుపెట్టింది. వాడిన నూనెను సేకరించి బయోడీజిల్ చేయించడం దాని ఉద్దేశం. రోజుకు 50 లీటర్లకు మించి వేయించడానికి నూనె వాడే వ్యాపారులు లెక్క రాసి, మిగిలిన నూనెను అనుమతి ఉన్న సేకరణదారులకే ఇవ్వాలని 2019 మార్చి 1 నుంచి నియమం వచ్చింది. దేశంలో ఏటా 2,700 కోట్ల లీటర్ల వంటనూనె ఖర్చవుతోందని, హోటళ్లు, క్యాంటీన్ల వంటి పెద్ద వాడకందారుల నుంచే 140 కోట్ల లీటర్ల వాడిన నూనె సేకరించవచ్చని, దాన్నుంచి 110 కోట్ల లీటర్ల బయోడీజిల్ తీయవచ్చని 2019లో కేంద్రం అంచనా వేసింది. ఆ ఏడాది చమురు సంస్థలు బయోడీజిల్‌కు లీటరుకు 51 రూపాయల ధర కూడా ప్రకటించాయి. బయోడీజిల్ కర్మాగారం మన కాకినాడలో ఉంది. కావలసిన ముక్కలన్నీ ఉన్నాయి.

లోటు ఎక్కడంటే, రోజుకు 50 లీటర్లు అన్న గీత దగ్గర. ఆ గీత కింద ఉన్న వేల బండ్లు, చిన్న హోటళ్లు, కర్రీ పాయింట్లు లెక్కలోకి రావు. ఐదు లీటర్ల కోసం వాళ్ల వీధికి లారీ రాదు. జపాన్‌లోని క్యోటో నగరం ఈ సమస్యను 1997లోనే పట్టించుకుంది. ఇళ్లలో వేపుళ్లు చేయగా మిగిలిన నూనెను పేటల్లో నిర్ణయించిన చోట్లకు తెచ్చి ఇవ్వమని అడిగింది. దాన్ని బయోడీజిల్‌గా మార్చి చెత్త లారీలు నడిపింది, తర్వాత సిటీ బస్సులకూ వాడింది. రోజూ పొద్దున్నే ఇంటి ముందుకు తడి చెత్త, పొడి చెత్త బండి వచ్చే మన పట్టణాల్లో, ఆ బండికే ఒక మూత డబ్బా తగిలిస్తే ఏం పోతుంది? డ్వాక్రా సంఘాలు పాలు పోయించుకున్నట్టే ఈ నూనె పోయించుకుని తూచి డబ్బు ఇవ్వలేవా? మన ఆడవాళ్ల సంఘాలకు ఇలాంటి పని కొత్త కాదు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో పవర్‌గూడ అనే గిరిజన గ్రామం ఉంది. అక్కడి మహిళలు కానుగ చెట్లు పెంచారు. ఆ నూనెను డీజిల్‌కు బదులు వాడటం వల్ల తగ్గే కాలుష్యానికి లెక్క కట్టి, 2003లో ప్రపంచ బ్యాంకు 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గింపును 645 డాలర్లకు కొన్నది. డబ్బు చిన్నదే కావచ్చు. కానుగ నూనెతో కర్బనం లెక్కను అమ్మిన ఆ గూడెం ఆడవాళ్లు నాకు ఎంతో గొప్పగా కనిపిస్తారు.

బయోడీజిల్ పేరు చెప్పాను గనక ఒక హెచ్చరిక. దాన్ని ఇంట్లో తయారుచేసే ప్రయత్నం చేయకండి. అందులో మిథనాల్ వాడాలి. అది విషం, తాగితే చూపు పోతుంది, ప్రాణం పోతుంది. దాని మంట పగటి వెలుగులో కంటికి సరిగా కనిపించదు కూడా.

నూనె ఎక్కువగా మిగిలే చోట దాన్ని అక్కడికక్కడే వంటకు వాడుకునే దారులు రెండు కనిపిస్తున్నాయి. మొదటిది ఈ మధ్య మన మెకానిక్కులు కూడా తయారుచేస్తున్న ఫ్యాను పొయ్యి. అడుగున మందపాటి ఇనప గిన్నె, అందులోకి సన్నటి గొట్టంలోంచి చుక్కలు చుక్కలుగా నూనె, పక్కనుంచి చిన్న ఫ్యాను తోసే గాలి. ముందు పుల్లలో, కాగితాలో వేసి గిన్నెను ఎర్రగా కాల్చాలి. కాలిన ఇనుము మీద పడిన చుక్క క్షణంలో ఆవిరై, గాలితో కలిసి మండుతుంది. సన్నటి రంధ్రాలు లేవు గనక బంక పట్టినా పని ఆగదు, గిన్నె గీకేస్తే సరిపోతుంది. వారానికి పది లీటర్లు మిగిలే హోటల్ దీంతో సగం గృహ వినియోగ బండ అంత వేడి తీయవచ్చు. పప్పు ఉడకబెట్టడానికి, నీళ్లు కాచడానికి బాగుంటుంది.

కానీ దాన్ని ఇంటి లోపల పెట్టవద్దు. వెలిగించేటప్పుడు, ఆర్పేటప్పుడు పొగ తప్పదు, కాబట్టి ఆరుబయటో, పొగగొట్టం ఉన్న షెడ్డులోనో ఉండాలి. ఆర్పాలంటే ముందు నూనె కట్టేయాలి, గిన్నెలో ఉన్నది కాలిపోయేదాకా ఫ్యాను తిరుగుతూనే ఉండాలి. మధ్యలో కరెంటు పోయి ఫ్యాను ఆగిపోతే వెంటనే నూనె కట్టేసే మనిషి పక్కనుండాలి. నూనెను కనీసం వారం రోజులు కదపకుండా ఉంచి, పైన తేరినదాన్ని గుడ్డలో వడకట్టాలి. అడుగున చేరే నీరు ఒక్క చెంచాడు కాలిన గిన్నెలో పడినా నూనె చిమ్ముతుంది. ఇంకొక మాట గట్టిగా చెబుతాను. ఈ పొయ్యిలో బండ్ల ఇంజన్ ఆయిల్ కూడా మండుతుంది గనక దాన్నీ పోసేస్తున్నారు. ఆ ఆయిల్లో జింకు ఉంటుంది, ఇంజన్ అరిగినప్పుడు రాలిన లోహాలు ఉంటాయి. అది అన్నం వండే చోట మండించాల్సిన వస్తువు కాదు.

రెండో దారి నాకు మరింత ఇష్టమైనది. అది బయోగ్యాస్. పుణెలో ఆనంద్ కర్వే నడిపించిన ఆర్తి సంస్థ వంటింటి వ్యర్థాలతో నడిచే చిన్న గ్యాస్ ప్లాంటును రూపొందించి 2006లో ఆష్డెన్ అవార్డు అందుకుంది. రెండు ప్లాస్టిక్ ట్యాంకులు, ఒకదాంట్లో ఒకటి బోర్లించి ఉంటాయి. మిగిలిన అన్నం, గంజి, కుళ్లిన పండ్లు వేస్తే పొయ్యికి గ్యాస్ వస్తుంది. కొవ్వు పదార్థం నుంచి, పిండి పదార్థంతో పోలిస్తే, కిలోకు రెట్టింపుకు పైగా మీథేన్ రాగలదు. ఆ ట్యాంకులో రోజూ వేసే వ్యర్థాలతో పాటు కొద్దిగా పాత నూనె, నీళ్లలో బాగా గిలక్కొట్టి, వేశామంటే మంట పెరుగుతుంది. పొగ లేదు, మడ్డి లేదు, గొట్టాలు గీకే పని లేదు. నూనెను ఆవిరి చేసే కష్టమంతా సూక్ష్మజీవులు పడతాయి. అయితే ఆశపడి ఒకేసారి ఎక్కువ పోయకూడదు. కొవ్వు ఎక్కువైతే ఆ జీవులే చచ్చిపోతాయి, ట్యాంకు పులిసి గ్యాస్ ఆగిపోతుంది. చెంచాలతో మొదలుపెట్టి, మంట చూసుకుంటూ నెమ్మదిగా పెంచుకోవాలి. హాస్టళ్లు, అన్నదాన సత్రాలు, పెద్ద క్యాంటీన్లు ఉన్న చోట ఇది చక్కగా కుదిరే ఏర్పాటు.

ఇక ఇళ్లలో వినేవాళ్ల కోసం నాలుగు మాటలు. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో ఈ సంగతి ఉంది: ఒకసారి వేపుడుకు వాడిన నూనెను వడకట్టి కూరలకు వాడుకోవచ్చు, మళ్లీ వేపుడుకు వద్దు, అదీ ఒకటి రెండు రోజుల్లో అయిపోవాలి. కాబట్టి మూకుట్లో పోసేటప్పుడే తక్కువ పోయండి. లోతైన చిన్న మూకుడు తీసుకుంటే సగం నూనెతో పని జరుగుతుంది, వాయిలు రెండు ఎక్కువవుతాయి, అంతే. మిగిలినదాన్ని పూర్తిగా చల్లారాక గరాటుతో ఒక సీసాలో పోసి మూత బిగించండి. వేడిగా ఉండగా ప్లాస్టిక్ సీసాలో పోస్తే కరిగి కాళ్ల మీద పడుతుంది. మూకుడును కాగితంతో తుడిచి ఆ తర్వాత కడగండి. సీసా నిండాక మీ ఊళ్లో సేకరించేవాళ్లు ఉన్నారేమో మునిసిపాలిటీని అడగండి. లేకపోతే ఎందుకు లేరని అడగండి.

కొనేవాడు ఎవరైనా ఇంటికి వచ్చి నూనెకు డబ్బు ఇస్తానంటే, అది ఎక్కడికి పోతుందో అడిగి తెలుసుకున్నాకే ఇవ్వండి. అనుమానంగా ఉంటే ఇవ్వకండి. అప్పుడది ఎవరి మూకుట్లోకీ వెళ్లదు.

నూనెకు నిప్పంటుకున్నప్పుడు ఏం చేయాలో కూడా చెప్పి ముగిస్తాను. నీళ్లు పోయవద్దు. నీరు కాగే నూనె అడుగుకు దిగి, ఆవిరై, 1700 రెట్లు ఉబ్బి మండుతున్న నూనెను కప్పు దాకా విసురుతుంది. స్టవ్ కట్టేయండి. మూకుడును ఎత్తకండి, జరపకండి. పక్కనున్న పెద్ద పళ్లెమో, సత్తు మూతో అంచు మీదుగా జరిపి కప్పేయండి. గాలి అందక మంట దానంతటదే ఆరిపోతుంది. తొందరపడి మూత తీయకండి, మూకుడు ముట్టుకోగలిగేంత చల్లబడేదాకా అలాగే ఉంచండి. ఈ ఒక్క సంగతి ఇంట్లో పిల్లలకు కూడా చెప్పి పెట్టండి.